తెల్ల జొన్నల ఒడి

మైసవ్వ వాడా అనే పాత రాతి ఇంట్లో వంటింటి దర్వాజ మూడు మూరలకు మించి ఎత్తుండదు. పన్నెండేళ్ల పిల్లకైనా నుదురు తగులుతుంది. కట్టినవాళ్లకు కొలతలు రాక అట్లా కట్టలేదు. నూటయాభై ఏళ్ల కింద, దోపిడీ మూకలు ఊళ్ల మీద పడే కాలంలో లేపిన ఇల్లది. లోపలికి వచ్చేవాడు ఎంతటివాడైనా ముందు తల వంచాలి. దొంగైతే ఆ వంచిన తల మీద లోపలి ఆడవాళ్లు రోకలి వెయ్యాలి. అదీ సంగతి. రోకళ్ల కాలం పోయింది, దర్వాజ మిగిలింది.

వాడాలో రాత్రికి దిగిన ప్రతి మనిషీ తిండికి లోపలికి వస్తూ అక్కడ తల కొట్టుకుంటాడు. పొయ్యి ముందు కూర్చున్న మైసవ్వ “తల! తల!” అని అరుస్తుంది. కాకపోతే తగిలినాక అరుస్తుంది. ముందే అరవరాదా అత్తా అని కోడలు వత్సల అడిగితే, “ముందుగాల చెప్తె యాదుంటదానే? ఒక్కపారి తగిల్తె సచ్చేదాక యాదుంటది” అంటుంది. కచేరీ సాహెబులు కొట్టుకున్నారు, కాలువల ఇంజనీర్లు కొట్టుకున్నారు, నిజామాబాదు నుంచి వచ్చిన పెండ్లివారు వరసగా ఏడుగురు కొట్టుకున్నారు. ఆ ఏడుగురి ముచ్చట చెప్పేటప్పుడు మైసవ్వ ముఖం చూడాలి. చేను చేనంతా ఇంటికి చేరినంత సంబరం.

నాందేడ్ జిల్లా ఇస్లాపూర్ స్టేషనులో దిగి, నల్లరేగడి బాటన రెండు మైళ్లు నడిస్తే ఆ వాడా వస్తుంది. చుట్టూ జొన్న చేలు, పత్తి చేలు. మధ్యలో రాతి గోడల ఇల్లు, ముందు పెద్ద దర్వాజ, లోపల నాలుగు వైపులా వసారా. అందరూ మైసవ్వ వాడా అంటారు కానీ అది మైసవ్వది కాదు. పటేళ్లది. మైసవ్వ మొగుడు లింగమూర్తి ఆ ఇంట జీతముండేవాడు. ఆమె ఆ ఇంటికి వచ్చేనాటికి ఆమెకు పుట్టిల్లు అనేదే లేదు. కలరా వచ్చి ఒక్క వారంలో తల్లీ తండ్రీ పోయారు. ఎవరైనా అడిగితే, “నా తల్లిగారిల్లు మట్టిల కలిసింది, ఇగ దాని ముచ్చటెందుకు” అని కొట్టిపారేస్తుంది.

రజాకార్ల గడబిడలో పటేలు కొడుకులిద్దరూ ఊరు విడిచారు. ఒకడు హైదరాబాదులో, ఒకడు పూనాలో స్థిరపడ్డారు. పటేలు కన్నుమూశాడు. ఆయన భార్య గంగుబాయి మాత్రం కదల్లేదు. మంచాన పడి మూడేళ్లు ఉంది. ఆ మూడేళ్లూ ఆమెకు ఒళ్లు తుడిచిందీ, గంజి తాగించిందీ, తిట్లు తిన్నదీ, తిట్టిందీ మైసవ్వే. పోయే ముందు గంగుబాయి ఆమె చెయ్యి పట్టుకొని మూడు మాటలు చెప్పింది. దీపం ఆరనియ్యకు. వచ్చినవాళ్లను పాసికడుపుతో పంపకు. నా బిడ్డ సుమిత్ర పేరు మీద ఏటా ఐదు శేర్ల తెల్ల జొన్నలు కుండలో పెట్టు, వచ్చిన్నాడు ఒడి నింపు. “ఈ మూడు నడిచినన్నాళ్లు ఇల్లు నీదే మైసా” అంది. కాగితం రాయలేదు. రాయించుకోవాలని మైసవ్వకు తోచలేదు.

ఆ సుమిత్రను మైసవ్వ ఎన్నడూ చూడలేదు. ఆమె ఈ ఇంటికి రాకముందే, పద్నాలుగేళ్లప్పుడే ఆ పిల్లను నాందేడ్ ఇచ్చారట. పెండ్లిలో మగపెండ్లివారి గుర్రానికి దాణా ఆలస్యంగా వేశారని వియ్యంకులకు మాటామాటా పెరిగిందట. గుర్రం ఆకలి ఆ పూటకు తీరింది, మనుషుల కోపం తీరలేదు. పిల్లను మళ్లీ పంపలేదు. పిలవడానికి పటేలూ తల వంచలేదు. ఇంటికి వచ్చేవాళ్లందరి తలా వంచే దర్వాజ కట్టుకున్న వంశం అది, తమ తల వంచడం ఎక్కడ నేర్చుకుంటారు?

పెండ్లయిన ఆడబిడ్డ పుట్టింటికి వస్తే ఒడిబియ్యం పొయ్యకుండా పంపరు. వట్టి ఒడితో పంపితే ఇంటికి మంచిది కాదు. ఎక్కడైనా బియ్యమే పోస్తారు. కానీ గంగుబాయి జొన్నలే అంది. “మన చేన్ల పండేది జొన్నలు. బియ్యం అంగట్ల కొనుడు. కొన్నయి పోస్తె నా బిడ్డకు అంగడే తల్లిగారిల్లయితది” అనేదట.

మైసవ్వ మాట తప్పలేదు. ఏటా కొత్త జొన్నలు రాగానే పాతవి తీసి పిట్టలకు చల్లేది, కొత్తవి కుండలో పోసి మూత మీద పేడ మెత్తేది. డెబ్బై రెండు కరువులో ఊరంతా రేషను దుకాణపు ఎర్ర జొన్నలు తిని కడుపులు పాడు చేసుకున్నా ఆ కుండ జోలికి పోలేదు. అప్పుడు వత్సల కడుపుతో ఉంది. “రానిదాని కోసం దాస్తవ్, ఉన్నదాన్ని ఎండబెడ్తవ్, గదేం న్యాయమత్తా?” అని ఏడ్చింది. మైసవ్వ తన చెవుల కమ్మలు తీసి కొడుకు దిగంబర్ చేతిలో పెట్టి ఉమ్రి నుంచి తెల్ల జొన్నలు తెప్పించింది కానీ కుండ మూత తియ్యలేదు.

వాడాలో మనుషులు దిగడం ఎట్లా మొదలైందంటే, మైసవ్వ మొగుడు పాము కరిచి పోయిన మరుసటేడు వానల్లో ఒక సర్వే ఆయన తడిసి ముద్దై దర్వాజ ముందు నిలబడ్డాడు. నులక మంచం వేసింది, గొంగడి ఇచ్చింది, తెల్లవారి వేడి రొట్టె, శనగపిండి పిట్ల, ఎర్రకారం పెట్టింది. ఆయన పోయి పదిమందికి చెప్పాడు. సహస్రకుండ్ జలపాతం చూడవచ్చి బండి తప్పినవాళ్లు, మాహూర్ మొక్కులకు పోయేవాళ్లు, అందరికీ ఆ ఇల్లే దిక్కయింది. ధర లేదు. అన్నానికి ధర కట్టే ఇల్లు కాదిది అంటుంది. పోయేవాళ్లు దీపం గూట్లో తోచింది పెట్టి పోతారు. మైసవ్వ అటు తిరిగి చూడదు. చూసేది వత్సల.

అంతా బాగానే ఉంది, ఊరి భూముల దస్తరం రాసే తలాఠీ ఏడాదికోసారి వచ్చేదాకా. ఆయన మరాఠీవాడు, మంచివాడే. రొట్టె తిని, మీసాలు తుడుచుకొని నవ్వుతూ, “మావశీ, కాగద్ ఆహే కా?” అంటాడు. కాగితం ఉందా పిన్నీ అని.

“కాగితం లేదు సాబ్. దీపమున్నది. రాస్కో.”

“దీపం రాసేందుకు ఖానా లేదు మావశీ” అని దస్తరంలోని గళ్లు చూపించి మళ్లీ నవ్వుతాడు. ఆయన పోతాడు. ఆ పూట మైసవ్వ తన రొట్టెలో సగం కుక్కకు వేస్తుంది. పటేళ్ల సంతానంలో ఎవరో ఒకరు ఒకనాడు వచ్చి లెమ్మంటే, అరవై ఏళ్ల వయసులో ఏ చెట్టు కిందికి పోవాలో ఆమెకు తెలియదు.

డెబ్బై నాలుగు, మాఘమాసం. సాయంత్రం బండి దిగి ఒక ఆడమనిషి ఒంటరిగా నడిచి వచ్చింది. యాభై దాటిన మనిషి, నేత చీర, చేతిలో గుడ్డ సంచి. దర్వాజ ముందు నిలబడి మరాఠీలో, “రాహాయలా జాగా మిళేల కా, మావశీ?” అంది, ఉండను చోటు దొరుకుతుందా అని.

మైసవ్వ ఆమెను కిందికీ మీదికీ చూసింది. “కట్టుబొట్టేమో తెలుగోళ్లది, ముచ్చటేమో మరాఠీదా?”

ఆమె నవ్వింది. “నాందేడ్ల అదే అలవాటైందక్కా. ఈ రాత్రికి ఉంట. పొద్దుగాల సహస్రకుండ్ చూసి పోత.”

“ఒక్కదానివే అచ్చినవా? మొగోడేడి?”

“ఇంటికాడున్నడు. మోకాళ్ల నొప్పులు.”

“మాఘమాసంల సహస్రకుండ్ల ఏమున్నది చూసేతందుకు? ముసలోడు ఉచ్చ పోసినట్టు పడుతున్నయి నీళ్లు. వానకాలం రావాలె.”

“ఎన్నుంటె గన్నే చూస్తనక్కా.”

పేరు అడగడం మైసవ్వకు అలవాటు లేదు. వసారాలో మంచం చూపించి, కాళ్లకు నీళ్లిచ్చి వంటింట్లోకి పోయింది. ఆ మనిషి మంచం మీద కూర్చోలేదు. గోడల వెంట మెల్లగా తిరిగింది. ఒకచోట రాయి మీద అరచెయ్యి ఆనించి ఊరికే నిలబడింది. పట్నపోళ్లు ఇంతే, రాళ్లు చూడనట్టు చూస్తరు అనుకుంది మైసవ్వ.

దీపాలు పెట్టిన వేళకు, “బాయీ, తిందువు రా!” అని కేకేసి, మైసవ్వ పెంక మీద రొట్టె వేసి దర్వాజ వైపు తిరిగి కూర్చుంది. ‘తల’ అనే మాట నాలుక కొసన సిద్ధంగా పెట్టుకుంది. నాందేడ్ తల తగిలి ఆరునెలలైంది మరి.

ఆ మనిషి వసారాలోంచి వచ్చింది. చూపు చేతిలోని చెంబు మీద ఉంది. దర్వాజ ఇంకా అడుగు దూరంలో ఉండగానే తల వంచింది, ఎడమ చెయ్యి చౌకట్టు మీద వేసి, వంగి, లోపలికి వచ్చి, తిన్నగా నిలబడింది. చూడలేదు. తడుముకోలేదు. తన చీర కొంగు తాను సర్దుకున్నంత సులువుగా వచ్చింది.

మైసవ్వ నోట్లోని మాట నోట్లోనే ఉండిపోయింది.

“అత్తా, రొట్టె!” అని వత్సల అరిచింది. అప్పటికే మాడింది. మైసవ్వ చేతిలో రొట్టె మాడడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

ఆ దర్వాజకు చిన్నప్పుడు నుదురు పగలగొట్టుకున్న తల మాత్రమే అట్లా వంగుతుంది. పటేలు పిల్లలు ముగ్గురే, ఇద్దరు మగవాళ్లు. ఆడమనిషి ఒక్కతే.

వచ్చిందన్నమాట. ఇల్లు చూసుకోను వచ్చింది. గోడలు తడిమింది అందుకే. మైసవ్వ రొట్టెలు వడ్డించింది, పిట్ల వేసింది, నెయ్యి వేసింది. ఒక చుక్క వేద్దామని వంచిన చెయ్యి గరిటెడు వేసింది. తన చెయ్యి మీద తనకే కోపం వచ్చింది.

అంట్లు తోముతుంటే వత్సల గుసగుసగా అడిగింది. “ఎవలత్తా ఆమె?”

“ఎవలైతె నీకెందుకు?”

“కుండ దిక్కు మూడుసార్లు చూస్తివి. పిచ్చిదాన్నా నేను? ఆమేనా?”

“నోరు మూసుకో. ఆమె చెప్పలే, నేనడగలే. పేరు చెప్పనిదానికి ఒడి ఎట్ల నింపుతం? ఒడి నింపితిమంటె ఇంటి ఆడిబిడ్డవని ఒప్పుకున్నట్టే. ఆమె ఇంటామె అయితె మనమేమైతం? జీతగాళ్లం. తెల్లారి ‘ఇగ పోరి’ అంటె నీ పిల్లనెత్తుకొని యాడికి పోతవ్?”

వత్సల తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. తరువాత, “కరువుల నా నోట్లకెల్లి తీసి దాస్తివి గదత్తా ఆ జొన్నలు. ఇప్పుడు పిట్టలకేస్తవా?” అంది.

“పండుకో పో” అంది మైసవ్వ.

తెల్లవారింది. ఆ మనిషి స్నానం చేసి, దీపం గూటి ముందు నిలబడి కాసేపు దండం పెట్టింది. ఏదో పెట్టింది కూడా. వేడి రొట్టె, పిట్ల తిన్నది. రుచిగా ఉందనలేదు, బాగాలేదనలేదు. కంచం కడిగి బోర్లించి, “పోయస్తనక్కా” అంది. మళ్లీ అదే దర్వాజ కింద తల వంచి బయటికి నడిచింది.

అడగలేదు. ఒక్క మాట అడగలేదు. ఇల్లు అడగలేదు, అమ్మ సంగతి అడగలేదు. మైసవ్వ పొయ్యి ముందు నుంచి లేవలేదు. పోనీ. కడుపు నిండా తిని పోతుంది కదా, ఇంటి మాట దక్కింది. దీపం ఉంది, తిండి పెట్టింది. మూడింట్లో రెండు నడిచాయి, చాలు.

చాలు అనుకుంటుండగానే కాళ్లు లేచాయి. వసారా దాటి, పెద్ద దర్వాజ దాకా పరుగుపెట్టింది. ఆ మనిషి అప్పటికి చేను గట్టు దాకా పోయింది.

“సుమిత్రా!”

ఆమె రాయిలా నిలబడింది. మెల్లగా వెనక్కి తిరిగింది.

“ఏం మనిషివే నువ్వు? తల్లిగారింటికి అచ్చి, దొంగ తీర్గ తిని, దొంగ తీర్గ పోతవా? ఈ ఇంట్లకెల్లి ఎవలు పాసికడుపుతోని పోరు. ఆడిబిడ్డ వట్టి ఒడితోని పోతదా?”

సుమిత్రాబాయి దగ్గరికి వచ్చింది. “నీకెట్లెరుకక్కా? నేను చెప్పకపోతి.”

“నువ్వు చెప్పకున్నా నీ తల చెప్పింది. అవుగని ముందు ఒక్క ముచ్చట చెప్పు. ఇల్లడుగ అచ్చినవా? ఉన్నదున్నట్టు చెప్పు, నేను సాటుకు ఏడ్సే మనిషిని గాను.”

“ఇల్లు నాకెందుకు?” అంది సుమిత్రాబాయి. “నాకు ముగ్గురు బిడ్డలక్కా. సంక్రాంతికో శ్రావణానికో అస్తనే ఉంటరు, ఒడి నింపుతనే ఉంట. మొన్న చిన్నది అడిగింది, అమ్మా నీకెవలు పోస్తరే అని. హైదరాబాదుల అన్న ఇంటికొకపారి పోతె వదినె చాయ్ ఇచ్చింది, రెండు బిస్కూట్లిచ్చింది. గంతే. అమ్మ ఉన్నప్పుడు ఒక్క మనిషినన్న పంపలే. మర్చిపోయిందనుకున్న. ఒక్కపారి ఇల్లు చూసి పోదామని అచ్చిన. స్టేషన్ల మైసవ్వ వాడా అన్నరు. ఎవలో ఏమో, ఏమంటరో అని చెప్పలే.”

మైసవ్వ ఆమె రెక్క పట్టుకొని లోపలికి లాక్కుపోయింది. ఇద్దరూ ఒకేసారి తల వంచి వంటింట్లోకి వచ్చారు. మూలనున్న కుండ చూపించింది.

“మర్చిపోయిందా? గిది చూడు. మీ నాయినకెరుక లేకుంట ఏటేటా పెట్టింది. పోయేటప్పుడు నాకప్పజెప్పింది. ఇరువై రెండేండ్లాయె. ఏటేటా నీ జొన్నలు నా పిట్టలు తిన్నయి. గీ వత్సల తిట్లు నేను తిన్న.”

సుమిత్రాబాయి కుండ ముందు కూలబడింది. మూత మీది ఎండిన పేడ పూతను వేలితో తడిమింది, పసిబిడ్డ తల తడిమినట్టు. ఆమె ఏడ్చినంతసేపూ మైసవ్వ పొయ్యిలో లేని మంటను ఊదుతూ కూర్చుంది.

తరువాత మైసవ్వ గొంతు మళ్లీ గొంతైంది. “వత్సలా! పసుపు తే. కుడుకలు తే. నీ పెట్టెల ఆకుపచ్చ రవిక గుడ్డ ఉన్నది, తే.”

“అది నేను కుట్టిచ్చుకుందామని పెట్టుకున్న గదత్తా!”

“మళ్లోటి కుట్టిచ్చుకుందువు తీ. నడు.”

సుమిత్రాబాయిని తూర్పు ముఖంగా పీట మీద కూర్చోబెట్టారు. మైసవ్వ కుండ మూత పగలగొట్టింది, జొన్నలకు పసుపు కలిపింది, కొలిచింది. పొయ్యడానికి మాత్రం చెయ్యి ఎత్తలేదు. భర్త పోయిన ఆడది ఒడి నింపకూడదు. దర్వాజ పక్కకు పోయి నిలబడి, “పొయ్యి పిల్లా, సక్కగ పొయ్యి, కింద పడనియ్యకు” అని వత్సలను గద్దించింది. వత్సల పోసింది. ఐదు శేర్ల తెల్ల జొన్నలు, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, తమలపాకులు, రవిక గుడ్డ. సుమిత్రాబాయి ఒడి నిండింది.

ఒడి నిండిన బిడ్డ లేచే ముందు ఐదు పిడికిళ్లు తీసి తిరిగి తల్లి కొంగులో పోస్తుంది, పుట్టిల్లు వట్టిది కాకూడదని. సుమిత్రాబాయి పిడికిలి పట్టుకొని చుట్టూ చూసింది. వత్సల తన కొంగు పట్టింది. సుమిత్రాబాయి తల అడ్డంగా ఊపి, ఒడి పట్టుకొని మెల్లగా లేచి దర్వాజ దగ్గరికి నడిచింది.

“కొంగు వట్టక్కా.”

మైసవ్వ వెనక్కి జరిగింది. “నేను బొట్టు లేనిదాన్ని. నాకు పొయ్యొద్దు.”

“మా అమ్మకు సుత ఆఖర్ల బొట్టు లేకుండె గదా. నేనే చూడకపోతిని. ఆమెకు పొయ్యవలసినయి. ఆమె లేదు, నువ్వున్నవ్. వట్టు.”

మైసవ్వ కొంగు పట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. తల్లి లేని ఆ కొంగులో ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ పోసి ఎరగరు. జొన్నలు బరువు కాదు, ఐనా రెండు చేతులతో పట్టుకుంది.

“ఇగ చెప్తున్న ఇను” అంది సుమిత్రాబాయి. “ఒడి నింపినోళ్లదే తల్లిగారిల్లు. మా అన్నలు అచ్చి ఇల్లంటె, ముందుగాల ఇరువై రెండేండ్ల జొన్నలు నా ఒడిల పొయ్యమను. తర్వాత మాట్లాడుదాం.”

“మస్తు మాట్లాడుతవ్ గని,” అంది మైసవ్వ కొంగు ముడి వేసుకుంటూ, “బండి టైమాయె. సహస్రకుండ్ చూస్తనంటివి?”

“వచ్చేయేడు చూస్త.”

ఆ ఐదు పిడికిళ్లను మైసవ్వ విత్తనాల కుండలో కలిపింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ ఎండాకాలం తలాఠీ వచ్చాడు. రొట్టె తిన్నాడు, మీసాలు తుడుచుకున్నాడు, కాగద్ ఆహే కా అన్నాడు.

“కాగితం లేదు సాబ్. ఆడిబిడ్డ ఉన్నది నాందేడ్ల. ఏటేటా అస్తది. రాస్కో.”

“దానికీ ఖానా లేదు మావశీ.”

“ఖానా లేకపోతె గీస్కో. నీ చేతుల కలమున్నది గదా” అంది. ఆ పూట తన రొట్టె మొత్తం తానే తిన్నది. కుక్క చాలాసేపు ఎదురుచూసింది.

మరుసటేడు పాలకంకులు పట్టినప్పుడు సుమిత్రాబాయి వచ్చింది, ఈసారి మోకాళ్ల నొప్పుల మొగుణ్ని కూడా బండెక్కించుకొని. చేను దగ్గరి నుంచి ఆమె, వత్సల పిల్లను చంకనెత్తుకొని, కాల్చిన కంకులు నములుతూ, నాందేడ్ వియ్యపురాలి సంగతేదో గట్టిగా చెప్పుకుంటూ, నవ్వుతూ, సరాసరి వంటింట్లోకి వచ్చింది.

ఠప్పున మోగింది దర్వాజ.

మైసవ్వ పొయ్యి దగ్గరే ఉంది. తల అని అరవలేదు. అరవాలని తోచలేదు కూడా, చుట్టాలొస్తే కదా అరిచేది. నుదురు పట్టుకొని నిలబడ్డ సుమిత్రాబాయిని చూసి, చేతిలో రొట్టె పిండి అట్లాగే ఉంచుకొని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

“గంతే బిడ్డా” అంది. “తల్లిగారింటికస్తె ఒళ్లెరుకుంటదా? రా, పసుపు వెడ్త రా.”